బంగారు వాకిలి

దేశచరిత్రను వ్రాయువారు సభలను లెక్కింతురు, తీర్మానములను లెక్కింతురు, కారాగారవాస దినములను లెక్కింతురు. ఆ సభకు ముందటి రాత్రి ఏ యింట దీపము వెలిగెనో, ఎవరెవరు ఏ పంక్తిని కూర్చుండి భుజించిరో, ఒకరి మొగము నొకరు చూడనొల్లని ఇరువురిని ఏ గృహిణి ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టెనో సామాన్యముగా వ్రాయరు. అట్లు చరిత్రకెక్కని పనిని జీవితమంతయు చేసిన మహిళ శ్రీమతి సరోజినీ నాయుడు. కవయిత్రియనియు, కాంగ్రెసు అధ్యక్షురాలనియు, గవర్నరనియు ఆమెను లోకమెఱుగును. ఆమె ఆతిథ్యమును మాత్రము ఒక ముచ్చటగా చెప్పుకొని విడిచిపెట్టును. ఆ యాతిథ్యమే ఆమె రాజకీయమని మా యభిప్రాయము. ఆ రాజకీయము ఏమి సాధించెనో, ఎచ్చట ఓడిపోయెనో నేడు విచారింపదలచితిమి.

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల పాఠకులకు ఈ విషయము దూరమైనది కాదు. ఆదవాని సీమ పెక్కు సంవత్సరములు నైజాము వంశీయుల యేలుబడిలో నుండి, 1800 వ సంవత్సరమున దత్తమండలములతో పాటు కుంఫిణీవారి వశమయ్యెను. నైజాము అలీఖాను సోదరుడగు బసాలత్ జంగు ఈ కోటనుండియే పాలన నడపెను. తుంగభద్ర కావలి రాయచూరు 1948 వరకు నైజాము రాజ్యములోనే యుండెను. నేటికిని ఆదవాని బజారులో ఒక ప్రత్తిబేరము ముగియులోపల తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును. మద్రాసునుండి బొంబాయికి పోవు ఇనుపదారియు ఈ యూరిమీదుగనే పోవుచున్నది. మఱియు ఊరికి వచ్చిన అధికారియు, వ్యాజ్యమాడు ఇరుపక్షములవారును, పెండ్లిమాట నడపు పెద్దలును ఏ యింటి పంచలో కూర్చుందురో, ఆ యింటి యజమానురాలి మాటకు ఊరిలో ఎంత విలువ యుండునో మన భూస్వాములకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ విలువనే సరోజినీదేవి ఒక యూరినుండి ఒక దేశమునకు విస్తరింపజేసెను.

ఆమె 1879 ఫిబ్రవరి 13 న హైదరాబాదున జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు తూర్పు వంగదేశమువారు. ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్రవిద్య నభ్యసించి డాక్టరు పట్టము నొంది, నైజాము రాజ్యమునకు వచ్చి, తరువాత నిజాం కళాశాలయని ప్రసిద్ధికెక్కిన విద్యాసంస్థకు పునాది వేసినవారు. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో కవిత చెప్పిన విదుషి. ఎనమండుగురు బిడ్డలలో సరోజిని జ్యేష్ఠురాలు. అఘోరనాథుల యింట అతిథి లేని పూట అరుదు. పండితులు, మౌల్వీలు, విద్యార్థులు, రసవాదమున బంగారము చేయవచ్చునని నమ్మినవారు, ఏ యాధారమును లేక వచ్చిన బీదలు, అందఱును ఆ ముంగిట చేరువారు. గృహస్థుడు అందఱితోను సమముగ వాదించువాడు, సమముగ నవ్వువాడు. బాలిక యగు సరోజిని హిందువెవరో ముసల్మానెవరో వస్త్రధారణముచే గుర్తించుటకు ముందే వారి కథలచేతను పరిహాసములచేతను గుర్తించుట నేర్చెను.

ఆ యింటికి రాజకీయము కూడ ఆ వాకిటనుండియే ప్రవేశించెను. 1883 లో చందా రైలుమార్గమునుగూర్చి నైజాము ప్రభుత్వము విదేశీయులతో చేసికొన్న యేర్పాటుల షరతులను ప్రజలకు బయలుపఱుపవలెనని కోరిన పెద్దమనుష్యులలో అఘోరనాథులొకరు. తత్ఫలముగ ప్రభుత్వము ఆయనను ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెడలనంపెను. కొంతకాలమునకు మరల పిలిపించుకొనెను. అప్పటికి సరోజిని నాలుగేండ్ల పిల్ల. తన యింట కూర్చుండి నలుగురు మాటలాడుకొనుట కూడ ప్రభువులకు భయహేతువు కాగలదని ఆమె జీవితమున నేర్చిన మొదటి పాఠమది.

1891 లో, పండ్రెండవ యేట, ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో నుత్తీర్ణురాలై దేశమంతట పేరొందెను. నైజాము మహబూబ్ అలీఖాను విద్యార్థివేతన మొసగగా 1895 లో ఇంగ్లండునకు పోయి, లండనునందలి కింగ్సు కళాశాలయందును కేంబ్రిడ్జిలోని గిర్టను కళాశాలయందును చదివెను. తండ్రిని వెడలనంపిన ప్రభుత్వమే కుమార్తెను విదేశమునకు పంపుట ఆ కాలపు హైదరాబాదు స్వభావము. లండనున ఎడ్మండు గాస్, ఆర్థరు సైమన్సు వంటి సాహిత్యవేత్తల గోష్ఠులలో ఆమెకు ప్రవేశము దొరకెను. ఆంగ్లేయుల పూలను, ఆంగ్లేయుల పక్షులను విడిచి తన దేశమును పాడుమని గాస్ చెప్పిన హితవు ఆమె కవితను మార్చెననుట సుప్రసిద్ధము. ఆ గోష్ఠులవలన ఆమెకు మఱియొక లాభము కలిగెనని మా యూహ. ఒక గది, నాలుగు కుర్చీలు, వేళకు తేనీరు, ఎవరిని ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టవలెనో తెలిసిన యొక మనిషి యున్నచో గ్రంథములు వెలువడుననియు, కీర్తులు లేచుననియు, మంత్రుల మనసులు మారుననియు ఆమె కన్నులార చూచెను.

చదువు ముగియకుండగనే 1898 లో స్వదేశమునకు మరలివచ్చి, ఆ డిసెంబరులో మద్రాసున డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. వంగబ్రాహ్మణ కన్యకయు, బ్రాహ్మణేతరుడగు తెలుగు వైద్యుడును 1872 వ సంవత్సరపు చట్టము ననుసరించి వధూవరులైరి. ఆ వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆ దినములలో ఇట్టి పెండ్లి చేసికొన్నవారికి బంధువుల వాకిండ్లు మూతపడుట సహజము. వాకిండ్లు మూయబడు లోకమున తన వాకిలి తెఱచియుంచవలెనను పట్టుదల ఆమెకు ఇచ్చటనే స్థిరపడియుండును.

జయసూర్య, పద్మజ, రణధీరుడు, లీలామణి యను నలుగురు బిడ్డలతో ఆ దంపతులు హైదరాబాదున కాపురముండిరి. 1905 లో ఆమె ప్రథమ కావ్యసంపుటము లండనున అచ్చయ్యెను. దాని పేరు గోల్డెన్ త్రెషోల్డ్. తెలుగున చెప్పవలసినచో బంగారు గడప, బంగారు వాకిలి. నాంపల్లి మార్గమునందలి ఇంటికి ఆ కావ్యము పేరే నిలిచిపోయెను. నైజాము కొలువులోని నవాబులు, రెసిడెన్సీలోని దొరలు, ఉర్దూ కవులు, నిజాం కళాశాల విద్యార్థులు, డాక్టరుగారి రోగులు, దేశాంతరమునుండి వచ్చిన యాత్రికులు ఆ గడప దాటినవారే. ఆ కాలమున ఘోషాలోనుండు కుటుంబములు హైదరాబాదున లెక్కకు మిక్కిలి. పురుషుల కూటమిలో స్వేచ్ఛగ మాటలాడి, ఆ వెంటనే తెరచాటునకు పోయి బేగములతో కూర్చుండగలిగినవారు ఆ నగరమున మిక్కిలి కొలదిమంది. సరోజినీదేవికి రెండు దారులును తెలియును. బయటిగదిలో ప్రభువు చెప్పనిది లోపలిగదిలో ప్రభుపత్ని చెప్పును. ఈ రెండింటిని కలిపి తెలిసికొన్నవారికి రాజ్యతంత్రము అరచేతి రేఖ.

ఆ పరిచయముల విలువ 1908 సెప్టెంబరు 28 న తెలిసెను. నాడు మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది ప్రజలు ప్రాణములు గోల్పోయిరి, ఇండ్లు నేలమట్టమయ్యెను. నవాబుల యంతఃపురములనుండి బట్టలును ధాన్యమును ధనమును రప్పింపవలెనన్న అంతకుముందే ఆ యంతఃపురములలో పీట వేయించుకొన్న మనిషి కావలెను. సరోజినీదేవి ఆ పనికి పూనుకొనెను. ఆ సేవకుగాను ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము నొసగెను. 1919 లో జలియనువాలాబాగు ఘోరము జరిగిన తరువాత ఆమె ఆ పతకమును ప్రభుత్వమునకు త్రిప్పిపంపెను. ఆతిథ్యమునకును లొంగుబాటునకును గల భేదము ఆమెకు బాగుగ తెలియునని దీనివలన స్పష్టమగుచున్నది.

గోపాలకృష్ణ గోఖలేగారి స్నేహము ఆమెను కవితనుండి దేశసేవకు త్రిప్పెను. 1913 మార్చిలో లక్నోనగరమున జరిగిన ముస్లిములీగు సభకు ఆమె హాజరై హిందూముస్లిముల సహకారమునుగూర్చి మాటలాడెను. ముస్లిముల సభలో హిందూస్త్రీ నిలిచి మాటలాడుటయు, వారు ఆదరముతో వినుటయు నాడు సామాన్యవిషయము కాదు. హైదరాబాదు ముంగిట నేర్చిన ఉర్దూయు, ఆ మర్యాదలును ఆమెకు ఆ వేదికపై దారి చూపెను. ఆ కాలముననే బొంబాయి బారిస్టరు మహమ్మదాలీ జిన్నాతో ఆమెకు గాఢమైన మైత్రి కుదిరెను. 1915 లో బొంబాయియందును, 1916 లో లక్నోయందును కాంగ్రెసును లీగును ఒకే నగరమున ఒకే వారమున సమావేశమగుటయు, లక్నో ఒడంబడిక కుదురుటయు జరిగిన దినములవి. 1918 లో మద్రాసున వెలువడిన జిన్నా ఉపన్యాసముల సంపుటమునకు ఆమె ఆయన జీవితచిత్రమును వ్రాసి, ఆయనను ఐక్యతకు రాయబారిగ దేశమునకు పరిచయము చేసెను. ఆ మాట తరువాతి కాలమున ఎంత చేదుగ మాఱెనో క్రింద చెప్పెదము.

గాంధీజీని ఆమె మొదట చూచినది 1914 ఆగస్టున లండనులో. మెట్లెక్కి పోయి చూచునప్పటికి ఆయన నేలమీద కంబళి పఱచుకొని, కొయ్యగిన్నెలో టొమాటోలును నూనెయు కలిపిన ముద్దను తినుచుండిరి. చుట్టును వేయించిన వేరుసెనగగింజల డబ్బాలు. రుచులయందు ప్రీతిగల సరోజినీదేవి పకపక నవ్వెను, ఆయన తన భోజనములో పాలుపంచుకొమ్మని పిలిచిరి, ఆమె ఒప్పుకొనలేదు. ముప్పదినాలుగేండ్ల స్నేహము అట్లు మొదలయ్యెను. ఆశ్రమనియమములను ఆమె ఎన్నడును పూర్తిగ పాటింపలేదు. పట్టుచీరలను, మంచి వంటకములను, హాస్యమును విడువలేదు. మహాత్ముని ఎదుట అందఱును తలవంచుకొనియుండగా ఆయనకు ముద్దుపేరులు పెట్టి, ఆయన చెవులను, ఆయన మేకపాలను ఎగతాళి చేయగలిగినది ఆమె యొక్కతియే. ఆ నవ్వు వృథాలాపమని తలచినవారు ఆనాడుండిరి. మాకట్లు తోచదు. మహాపురుషుని చుట్టు భయభక్తులు మితిమీఱినచో నిజము చెప్పువారుండరు. ఆమె నవ్వు ఆ గదిలో గాలి ఆడుటకు తెఱచిన కిటికీ.

1917 డిసెంబరులో మంత్రి మాంటేగు మద్రాసునకు వచ్చినపుడు, స్త్రీలకు వోటుహక్కు కావలెనని విన్నవించిన భారతస్త్రీల రాయబారమునకు నాయకురాలు సరోజినీదేవియే. నాలుగేండ్లు తిరుగకముందే 1921 లో మద్రాసు శాసనసభ ఆ హక్కు నంగీకరించెను. 1925 లో కాన్పూరు కాంగ్రెసునకు ఆమె అధ్యక్షత వహించెను; ఆ పీఠము నెక్కిన భారతస్త్రీలలో ఆమె ప్రథమురాలు. ఈ సంవత్సరములలో ఆమె నివాసము చాలవఱకు బొంబాయి. అచ్చటి తాజమహల్ హోటలులోని ఆమె గది కాంగ్రెసునకు వ్రాతలో లేని కార్యాలయము. సంస్థానాధిపతులు, మిల్లుయజమానులు, ఖద్దరు వాలంటీర్లు, విదేశీ పత్రికావిలేఖరులు, పెండ్లికి తలిదండ్రులొప్పుకొనక వచ్చిన యువకులు, అందఱికిని అచ్చట చోటుండెను. మహాసభలో చెప్పిన మాటను వెనుకకు తీసికొనుట నాయకునకు పరువుతక్కువ. ఆమె గదిలో ఫలహారము చేయుచు మెత్తబడుటకు ఎవరికిని పరువు పోదు. ఆ గది ఉపయోగ మదియే.

ఇంతటి ఆతిథ్యమునకు ఖరీదు ఎవరు చెల్లించిరను ప్రశ్న కలదు. డాక్టరు గోవిందరాజులుగారు హైదరాబాదున వైద్యవృత్తి నడుపుకొనుచు, ఇంటిని నిలుపుకొనుచు, తోటను పెంచుకొనుచు, భార్య కీర్తినిగాని లేమినిగాని గుఱించి బహిరంగముగ ఒక మాటయు పలుకక జీవితము గడపిరి. బిడ్డలు తల్లిని ఉత్తరములలో ఎక్కువగ చూచిరి. ఆమెకు చిన్ననాటినుండి దేహారోగ్యము అంతంతమాత్రము. గుండెజబ్బు వెన్నాడుచునే యుండెను. లోకమునకంతయు వాకిలి తెఱచిన గృహిణి తన యింట తాను అతిథివలె వచ్చిపోవలసివచ్చెను. ఈ నష్టమును ఆమె చరిత్రలో చేర్చి లెక్కింపక తప్పదు.

చలువగదుల దేశభక్తియని ఆమెను పరిహసించినవారికి 1930 వ సంవత్సరము జవాబు చెప్పెను. ఉప్పుసత్యాగ్రహమున గాంధీజీయు, ఆయన తరువాత అబ్బాసు త్యాబ్జీయు నిర్బంధింపబడగా నాయకత్వము సరోజినీదేవిపై పడెను. మే 15 న ధరాసనా మార్గమున పోలీసులు సత్యాగ్రహులను చుట్టుముట్టి నిలిపివేయగా, ఏబదియొకటవ యేట నున్న ఆమె మండుటెండలో దాహమునకు నీరైనను దొరకక వారి నడుమ కూర్చుండెను. మే 21 న రెండువేలకు మించిన వాలంటీర్లు ఆమె మాటపై ఉప్పుకొఠారుల వైపు నడచిరి. లాఠీలు తలలపై పడుచున్నను ఒక్కడును చేయెత్తలేదు. నాడే ఆమెను నిర్బంధించిరి. విందులలో నలుగురిని ఒక పంక్తిని కూర్చుండబెట్టగల నేర్పే నాడు ఆ వేలమందిని ఒక వరుసలో నిలిపెనని మేము తలంచుచున్నాము.

ఆమె ఆతిథ్యములన్నిటిలో మిన్నయైనది కారాగారమున జరిగినది. 1932 సెప్టెంబరు 20 న గాంధీజీ ఎరవాడ జెయిలులో నిరాహారదీక్ష మొదలిడిరి. హరిజనులకు ప్రత్యేక నియోజకవర్గము లుండరాదని ఆయన పట్టుదల; అవి తమ జాతికి రక్షయని డాక్టరు అంబేద్కరు వాదము. దేశము ఊపిరి బిగబట్టియుండెను. అదే జెయిలులోని స్త్రీల భాగమున ఖైదీయగు సరోజినీదేవిని అధికారులు ఆయన పరిచర్యకు పంపిరి. మామిడిచెట్టు నీడను మంచము, చుట్టును జెయిలుగోడలు. సప్రూ, జయకర్, రాజగోపాలాచారి, మాలవీయ, అంబేద్కరు మొదలగువారు వచ్చుచు పోవుచుండిరి. ఎవరిని ఎప్పుడు లోపలికి పంపవలెనో, ఎవరిని ఎంతసేపుండనీయవలెనో, అలసిన ముసలివానికి ఎప్పుడు విశ్రాంతి నీయవలెనో చూచుకొన్న ద్వారపాలకురాలు ఆమె. 24 న పూనా ఒడంబడికపై సంతకములయ్యెను. ఆ ఒడంబడిక మంచిచెడ్డలనుగూర్చి నేటికిని వాదములు కలవు. అంబేద్కరు తరువాత దానిని తీవ్రముగ విమర్శించిరి. అయినను చావుబ్రదుకుల మధ్య నడచిన ఆ బేరము ఒక్కపూటలో చెడిపోకుండుటకు ఆ ముంగిటి క్రమము తోడ్పడెననుట నిస్సంశయము.

1942 ఆగస్టున క్విట్ ఇండియా తీర్మానము తరువాత గాంధీజీతో పాటు పూనాలోని ఆగాఖాను భవనమున ఆమెను నిర్బంధించిరి. వారమైనను తిరుగకముందే, ఆగస్టు 15 న, మహాదేవ దేశాయి ఆ భవనముననే మరణించిరి. దుఃఖముతో మ్రాన్పడిన ఆ బంధిఖానాలో వంటయింటి పెత్తనము సరోజినీదేవి తీసికొనెను. ఎవరికేది సరిపడునో తెలిసి వండించుట, బల్లపై పూలుంచుట, ఎవరును ఒంటిగ కూర్చుండి క్రుంగిపోకుండ చూచుట ఆమె దినచర్య. 1943 మార్చిలో మలేరియా జ్వరముచే నీరసించిన ఆమెను ప్రభుత్వము విడుదల చేసెను.

ఇక ఓటమిని చెప్పవలెను. 1920 లో నాగపూరు కాంగ్రెసున సహాయనిరాకరణము నెదిరించి జిన్నా ఆ సంస్థను విడిచెను. 1928 లో కలకత్తా సర్వపక్షసమావేశమున రాజీ కుదురలేదు. 1940 లో లాహోరున ముస్లిములీగు ప్రత్యేక రాజ్యములను కోరెను. 1947 లో దేశము రెండయ్యెను. ఐక్యతకు రాయబారియని తాను కీర్తించిన మిత్రుడే పాకిస్తానునకు ప్రథమ గవర్నరు జనరలయ్యెను. ఒక పంక్తిని భుజించినంత మాత్రమున అధికారపు పంపకము కుదురదు. సీట్ల లెక్క, పన్నుల లెక్క, పరిపాలనలో పాలు, వీనికి సమాధానము విందుబల్ల చెప్పలేదు. కాంగ్రెసుపెద్దలు రాజీకి రావలసిన చోట పట్టుబట్టినపుడును, లీగుపెద్దలు భయమును పంటగ పండించుకొన్నపుడును సరోజినీదేవి చేయగలిగినది అల్పము.

హైదరాబాదునందును ఆ వాకిలికి ఒక హద్దుండెను. నవాబులకును, పండితులకును, విద్యార్థులకును తెఱచియున్న ఆ తలుపు తెలంగాణపు పల్లెలో వెట్టిచేయు రైతుకూలీకి తెలియదు. అతని గోడు ఆ గోష్ఠులలో అరుదుగ వినబడెను. 1938 లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు పుట్టకముందే నిషేధింపబడెను. 1946 నుండి పల్లెలలో రైతులు ఆయుధములు పట్టిరి. 1948 సెప్టెంబరున భారతసైన్యము ప్రవేశించిన గాని రాజ్యము చిక్కు వీడలేదు. పెద్దల మైత్రి మంచిదే. దానికి దిగువ మెట్టు లేనిచో అది పెద్దలతోనే ముగియును. భూమిగల పాఠకులు ఈ వాక్యమును ప్రత్యేకముగ గమనింతురుగాక.

అయినను ఆమె వాకిలి మూయలేదు. 1947 మార్చి, ఏప్రిలు నెలలలో ఢిల్లీ పురానాఖిలాలో సమావేశమైన ఆసియా దేశముల సభకు ఆమె అధ్యక్షత వహించెను. ఇంకను పరపాలనలోనున్న పెక్కు జాతుల ప్రతినిధులకు, తానే ఇంకను స్వతంత్రము కాని దేశము పక్షమున, ఆమె స్వాగతము పలికెను. ఆగస్టు 15 న సంయుక్తరాష్ట్రమునకు గవర్నరుగ లక్నోలో ప్రమాణము చేసెను. భారతదేశమున ఆ పదవి నధిష్ఠించిన మొదటి స్త్రీ ఆమె. దేశవిభజనపు రక్తము ఇంకను ఆఱని దినములవి. ముస్లిములు పెక్కుమంది ఉండుటా పోవుటాయని తల్లడిల్లుచున్న ఆ నగరమున, తెల్లదొరలు కాపురమున్న రాజభవనమునకు ఉర్దూకవులును, విద్యార్థులును, హిందువులును, ముసల్మానులును పిలువబడి వచ్చిరి. తమకును ఈ రాజ్యమున పీట కలదని వారికి తెలుపుటకు అంతకన్న సూటియైన మార్గము మాకు తోచుటలేదు. 1949 మార్చి 2 న ఆ భవనముననే ఆమె కన్నుమూసెను. గోమతీతీరమున అంత్యక్రియలు జరిగెను. గాంధీజీ హత్య జరిగి అప్పటికి పదునాలుగు నెలలైనను నిండలేదు.

ఆమె వంశము రాజకీయమును పలుతెఱగుల నడపెను. కుమారుడు జయసూర్య 1952 ఎన్నికలలో మెదకు నుండియు, తమ్ముడు హరీంద్రనాథుడు విజయవాడ నుండియు కాంగ్రెసు నెదిరించి లోకసభకు గెలిచిరి. కుమార్తె పద్మజ 1956 నుండి 1967 వరకు పశ్చిమవంగమునకు గవర్నరుగ నుండెను. నాంపల్లిలోని ఇల్లు విద్యకు అర్పితమయ్యెను. 1974 లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలినాళ్ళలో ఆ యింటనే నడచెను. తండ్రి విద్యార్థులు కూర్చుండిన గడపయందే మరల విద్యార్థులు కూర్చుండిరి.

ఎమ్మిగనూరు మగ్గముల నెఱిగినవారికి ఒక్క మాట చెప్పి ముగించెదము. పడుగు గట్టిగ నున్నను, పేక అడ్డముగ నడువనిచో బట్ట కాదు. దారపు పోగులుగనే యుండును. సిద్ధాంతములు, ఉద్యమములు, త్యాగములు దేశమునకు పడుగు. ఈ పక్షమునుండి ఆ పక్షమునకు, ఈ మతమునుండి ఆ మతమునకు, బయటిగదినుండి లోపలిగదికి తిరుగు మనిషి పేక. నేడు మన పట్టణములలో ప్రతి పక్షమునకును కార్యాలయ మున్నది, జెండా యున్నది, ధ్వనియంత్ర మున్నది. పరస్పర విరోధులు ఒక పూట ప్రక్కప్రక్కన కూర్చుండుటకు తగిన యిల్లు ఎన్ని యూళ్ళలో నున్నదో పాఠకులే లెక్కించుకొందురుగాక. సరోజినీదేవి దేశవిభజనను ఆపలేకపోయెను. ఆపుటకు ఆ యొక్క వాకిలి చాలలేదు. అట్టి వాకిండ్లు ఊరికొకటి యుండవలసినది. ఆదవానిలోగాని, ఎమ్మిగనూరులోగాని పెద్దయిల్లు కట్టుకొన్నవారు తమ గడప ఎంత వెడల్పో కొలుచుకొనునపుడు, దానిని దాటి లోనికి వచ్చువారిలో తమవారు కానివారెందఱో కూడ చూచుకొనవలెనని మా మనవి.